జిగురు పేటెంట్: ఇది ఎవరికైనా తట్టే ఆలోచనేనా?

నా దగ్గరికి వచ్చే జిగురు పేటెంట్లలో పదార్థాలు చాలావరకు పాతవే. "అన్నీ తెలిసినవే కదా మేడం, కొట్టేద్దాం" అంటారు కొత్తగా చేరిన పిల్లలు. అంత తేలిగ్గా తేలదు.

క్లెయిమ్ 1, అంటే దరఖాస్తుదారు హక్కు కోరే మొదటి అంశం, తీసుకోండి. టేపుకి పూసే అక్రిలిక్ జిగురు అనుకుందాం: 2-ఇథైల్‌హెక్సిల్ అక్రిలేట్, కాస్త అక్రిలిక్ యాసిడ్ కలిపి చేసిన పాలిమర్ 100 భాగాలకి రోజిన్ ఎస్టర్ (పైన్ చెట్టు బంక నుంచి చేసే రెసిన్) 10 నుంచి 40 భాగాలు. ప్రయారిటీ తేదీకి (మొదటి దరఖాస్తు వేసిన తేదీకి) ముందు బయటికొచ్చిన వాటిలో దీనికి బాగా దగ్గరి డాక్యుమెంట్ పట్టుకుని, తేడా ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. తేడా రోజిన్ ఎస్టర్ ఒక్కటే అనుకోండి.

ఇక స్పెసిఫికేషన్, అంటే దరఖాస్తుదారు తన ఆవిష్కరణని వివరించిన పత్రం, మూసేయండి. అది చదివాక ఏదైనా మనకీ తట్టేదే అనిపిస్తుంది. జిగురు ల్యాబ్‌లో మామూలు కెమిస్ట్‌కి ఏం తెలుసు? రోజిన్ ఎస్టర్ వేస్తే వేలికి పట్టే జిగట పెరుగుతుంది, టేపు పీకడానికి ఎక్కువ బలం కావాలి, అంటే పీల్ పెరుగుతుంది. బదులుగా షియర్ తగ్గుతుంది, అంటే బరువు వేలాడదీస్తే టేపు త్వరగా జారిపోతుంది. దరఖాస్తులో ఇంతే ఉంటే, ఎన్ని పేజీలు రాసినా ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాళ్లకి తేలిగ్గా తట్టనిది అనే షరతు) నిలబడటం కష్టం. పీల్‌తో పాటు షియర్ కూడా పెరిగిందంటే మాత్రం ఆగి చూడాలి.

ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఉదాహరణల టేబుల్ దగ్గరే. పోలిక నమూనాలో లేనిది రోజిన్ ఒక్కటేనా? క్రాస్‌లింకర్ (పాలిమర్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టే పదార్థం) మోతాదు కూడా మారి ఉంటే, షియర్ పెరగడం దాని పుణ్యమే కావచ్చు. పూత మందం ఒకటేనా? మందంగా పూస్తే పీల్ ఎలాగూ పెరుగుతుంది. 20 భాగాల దగ్గర ఒక్క ఫలితం చూపించి 10–40 మొత్తం అడిగితే ఒప్పుకోకండి.

మన చట్టంలో సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం సాంకేతిక ముందడుగో, ఆర్థిక ప్రాధాన్యమో ఉంటే సరిపోదు. దానివల్ల అది ఆ రంగం తెలిసినవాళ్లకి తట్టనిదై ఉండాలి. సెక్షన్ 3(ఇ) విడిగా చూడండి: దేని గుణం దానిదిగానే ఉన్న వట్టి మిశ్రమానికి పేటెంట్ రాదు. అమెరికా సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన కేఎస్‌ఆర్ తీర్పు తర్వాత, ఇది తట్టేదేనని చూపడానికి రెండు పాత డాక్యుమెంట్లను కలపమని ఎక్కడో రాసి ఉండక్కర్లేదు. ఎందుకు కలుపుతారో కారణం మాత్రం మీరు చెప్పాలి.

పాత డాక్యుమెంట్‌లోనే "షియర్ పోతుంది, రోజిన్ వద్దు" అని ఉందేమో వెతకండి. ఉంటే ఆ పేజీ నంబరు నోట్‌లో పైనే పెట్టండి, మీ క్లయింట్ ఈ పేటెంట్‌ని వ్యతిరేకించే పక్షమైనా సరే.