"ఎవరికన్నా?" అని అడిగితే: హైదరాబాద్‌లో ఆడవాళ్ళ బట్టలు కొనే సీడీల (క్రాస్‌డ్రెస్సర్ల) కోసం

చీరల కొట్లో సేల్స్‌మన్‌ని ఒకసారి గమనించండి. కస్టమర్ చూపు ఒక చీర మీద ఆగగానే లేచి నిలబడతాడు. చొక్కా మీదే నాలుగు కుచ్చిళ్ళు పోసి బెల్టులోకి దోపుతాడు, కొంగు ఎడమ భుజం మీద వేసి అద్దం వైపు తిరుగుతాడు. మగవాడి ఒంటి మీద చీర ఆ కొట్టుకి రోజూ ఉండేదే. అందుకే మొదటిసారి కొనబోయే క్రాస్‌డ్రెస్సర్లకి, అంటే ఆడ దుస్తులు వేసుకునే మగవాళ్ళకి, మేం చెప్పే మాట ఒకటే: చీరతో మొదలుపెట్టండి, లోదుస్తులతో వద్దు. చాలామంది తలకిందులుగా చేస్తారు. ఎకాఎకిన బ్రాల కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నోరు పెగలక, చేతికందింది పట్టుకుని బయటపడతారు. అది సరిపోదు, మార్చరు. ఆ దెబ్బకి మళ్ళీ షాపు మెట్లెక్కరు.

మన గుండె దడ మనకి తెలుసు. అవతలివాళ్ళ సంగతి కూడా తెలుసుకోవాలి. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి పొద్దుటి నుంచి నిలబడే ఉంటుంది, ఆమె మీద ఫ్లోర్ మేనేజర్ కన్ను ఉంటుంది. లోదుస్తుల సెక్షన్‌లో పనిచేసే ఆడవాళ్ళకి ఇంకో బాధ ఉంది: కొనే ఉద్దేశం లేకుండా వచ్చి, సైజుల వంకతో వెకిలి మాటలు మాట్లాడే మగవాళ్ళు. మీరు నసుగుతూ, అటూ ఇటూ చూస్తూ, అదే రాక్ చుట్టూ మూడుసార్లు తిరిగితే ఆమెకి ముందు గుర్తొచ్చేది వాళ్ళే. మీరు కొనడానికే వచ్చారని మొదటి అర నిమిషంలో తెలిస్తే చాలు, సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది. అది తెలియాలంటే వస్తువు పేరు, సైజు, రంగు తడుముకోకుండా చెప్పగలగాలి. కాబట్టి పని ఇంట్లోనే మొదలవుతుంది.

ముందు టేపు

టైలర్ టేపు ఒకటి కొని ఈ కొలతలు రాసిపెట్టుకోండి: ఛాతీ, ఛాతీ కింద, బొడ్డు దగ్గర నడుము, పిరుదులు, భుజం ఈ చివర నుంచి ఆ చివరకి, చంక చుట్టు, చేతి లావు, బొడ్డు నుంచి చీలమండ దాకా పొడవు, పాదం పొడవు. ప్యాంటు సైజుని నడుము కొలతగా రాయకండి. మగవాళ్ళ ప్యాంటు బొడ్డు కిందికి కూర్చుంటుంది, లంగా బొడ్డు దగ్గర కడతారు. రెండు మూడు ఇంచులు తేడా వస్తుంది.

బ్రా సైజుకి ఛాతీ కింద టేపు కాస్త బిగించి సెంటీమీటర్లలో చూడండి. 75 వస్తే 34, 80కి 36, 85కి 38, 90కి 40, 95కి 42. తర్వాత ఛాతీ మీద కొలిచి మొదటిది తీసేయండి. తేడా 12 నుంచి 14 ఉంటే ఎ కప్పు, 14 నుంచి 16 అయితే బి, 16 నుంచి 18 అయితే సి. మగ ఛాతీకి తేడా తక్కువే వస్తుంది, అలాంటప్పుడు ఎ తీసుకోండి. సిలికాన్ ఫారమ్స్ (బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ములు) వాడేవాళ్ళు వాటికి తగ్గ కప్పు ఎంచుకోవాలి. చొక్కా సైజు 40 కదా అని 40 బ్రా అడగడం అందరూ చేసే పొరపాటు. ఆ 40 లెక్క వేరు, ఈ 40 ఛాతీ కింద కొలతని బట్టి వచ్చింది.

ఎప్పుడు, ఎక్కడ

మామూలు రోజుల్లో పదకొండున్నర, ఒంటిగంట మధ్య, లేదా మూడు నుంచి ఐదు లోపు వెళ్ళండి. ఆషాఢం డిస్కౌంట్లు, శ్రావణం పెళ్ళిళ్ళు, బతుకమ్మ ముందు పది రోజులు, ఆదివారాలు వద్దు. ఆ రద్దీలో సేల్స్‌వాళ్ళకి ఓపిక ఉండదు, తెలిసినవాళ్ళు ఎదురుపడే అవకాశం కూడా ఎక్కువే. సొంత పేటలో కొనకండి. కూకట్‌పల్లివాళ్ళు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళండి, అటువాళ్ళు ఇటు రండి. మియాపూర్, ఎల్‌బీ నగర్ మెట్రో లైన్ మీద దిగకుండా వెళ్ళొచ్చు. అమీర్‌పేట చుట్టూ హాస్టళ్ళు ఎక్కువ, ఆఫీసువాళ్ళు కనపడొచ్చు.

రాక్‌లోంచి మనమే తీసుకునే మాల్ షాపుల్లో మాట్లాడే పని తక్కువ. కోఠి, సుల్తాన్ బజార్, జనరల్ బజార్ లాంటి చోట్ల మాటతోనే పని, కానీ అక్కడివాళ్ళకి రకరకాల మనుషులు అలవాటే. చిన్న బొటిక్‌కి వెళ్ళాలనుకుంటే ముందు ఫోన్ చేయండి: "మేడం, నేను మగవాణ్ణి, నా సైజుకే కుర్తీలు కావాలి, వేసుకుని చూడొచ్చా?" కాదంటే ఫోన్‌లోనే తెలిసిపోతుంది, ఆటో ఛార్జీలు మిగులుతాయి.

ఏం జవాబు చెప్పాలి

"ఎవరికన్నా?" "వదినకా సర్?" పాతబస్తీలో అయితే "కిస్‌కే లియే భాయ్?" ఈ ప్రశ్నలో ఆరా ఏమీ లేదు. వయసు, ఒళ్ళు, రంగు తెలిస్తే ఏ కట్ట దింపాలో వాళ్ళకి తెలుస్తుంది. మనం దాన్ని సీఐడీ ప్రశ్నలా వింటాం.

జవాబులు మూడు రకాలు. మొదటిది, కొలతతో చెప్పడం: "ఐదడుగుల తొమ్మిది ఉంటారు, ఛాతీ 42, కాటన్‌లో చూపించండి." ఇందులో అబద్ధం లేదు, వివరణ కూడా లేదు. కొత్తవాళ్ళకి ఇదే మంచిది. రెండోది, "నాకేనన్నా" అని తేలిగ్గా అనేయడం. ఒక్క క్షణం ఆగి చూస్తారు, తర్వాత "ఏ కలర్‌లో చూపించమంటారు?" అంటారు. ఆ క్షణంలో మీరు కంగారుపడకుండా తర్వాతి మాట అందించాలి: "పెద్ద పన్నా చీరలు చూపించండి, నేను పొడుగు." (పన్నా అంటే చీర వెడల్పు.) మూడోది, నాటకానికనో భార్యకనో చెప్పడం. చెప్పుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే అబద్ధానికి తోక పెరుగుతుంది. "మేడంకి వీడియో కాల్ చేసి చూపించండి సర్" అంటారు, "ఈ సైజు ఆవిడకి పెద్దదవుతుందేమో" అంటారు. అక్కడ తడబడితే "నాకే" అని చెప్పినదానికంటే ఎక్కువ ఇబ్బంది.

మగ సేల్స్‌మన్ని "అన్నా" అనండి, ఆడవాళ్ళని వయసుని బట్టి "అక్కా" అనో "మేడం" అనో పిలవండి, చిన్నపిల్ల అయినా "మీరు" అనే అనండి. మీ ఒంటి గురించి, ఇష్టాల గురించి వాళ్ళకి చెప్పుకోకండి. "నాకు బాగుంటుందా?" అని అమ్మాయిని అడిగి అడిగి నిలబెట్టకండి. ఆమె ఉద్యోగం బట్టలు చూపించడం వరకే.

చీర, లంగా, జాకెట్ ముక్క

చీరకి సైజు గొడవ లేదంటారు గానీ పొడుగువాళ్ళకి ఉంది. అయిదున్నర మీటర్ల చీర, ఎనభై సెంటీమీటర్ల జాకెట్ ముక్క, ఇది అందరికీ ఒకటే. తేడా పన్నాలో వస్తుంది. ఐదడుగుల పది ఉన్న మనిషికి బొడ్డు నుంచి నేల దాకా సుమారు 42 ఇంచులు. చీర పన్నా 44 అయితే, రెండు ఇంచులు లోపలికి దోపాక ఉత్తకాళ్ళకి సరిగ్గా ఆనుతుంది, రెండించుల మడమల చెప్పులేస్తే పైకి లేచిపోతుంది. "46 పైన పన్నా ఉన్నవి" అని అడగండి, టేపు వేసి చూపిస్తారు. మొదటి చీర కాటన్ కానీ క్రేప్ కానీ తీసుకోండి. షిఫాన్, సాటిన్ కుచ్చిళ్ళు కొత్త చేతికి నిలవవు.

తర్వాత మ్యాచింగ్ సెంటర్. చీర వెంట తీసుకెళ్ళండి, లేకపోతే రంగు కుదరక వెనక్కి పంపుతారు. చీర కౌంటర్ మీద పెట్టగానే ఆ కుర్రాడు మీ ముఖం చూడడు, రంగు చూస్తాడు. లంగా మామూలుగా 36, 38 ఇంచుల పొడవులో ఉంటుంది, మనకి 40 కావాలి. "పొడుగు లంగా, డబుల్ ఎక్సెల్" అనండి. లేదంటే గుడ్డ కొని కుట్టించుకోవాలి. ఛాతీ 42 దాటినవాళ్ళకి, మోచేతి దాకా చేతులు కావాలంటే, చీరతో వచ్చిన 80 సెంటీమీటర్ల ముక్క చాలదు. టూ బై టూ కాటన్ కనీసం మీటరు తీసుకోండి. ఫాల్ (చీర కింది అంచుకి లోపల కుట్టే గుడ్డ), పికో (అంచు కుట్టు) కూడా చాలాచోట్ల అక్కడే చేస్తారు. చీటీ మీద పేరు ఏదైనా రాయించుకోవచ్చు, ఫోన్ నంబర్ మాత్రం మీదే ఇవ్వండి. చీర రెడీ అయ్యాక కాల్ వచ్చేది దానికే.

కుర్తీ, ట్రయల్ రూమ్

ఎల్ అంటే 40, ఎక్సెల్ 42, డబుల్ ఎక్సెల్ 44, ఇవి ఛాతీ లెక్కలు. మనకి అడ్డం తగిలేది భుజం. ఎక్సెల్ కుర్తీకి భుజం పదిహేను, పదిహేనున్నర ఇంచులు ఉంటే మగవాళ్ళకి పదిహేడు పైనే. ఛాతీ సరిపోయినా చంకలో పట్టేసి, చేయెత్తగానే అక్కడి కుట్టు పోతుంది. రేయాన్ అసలు సాగదు. స్లీవ్‌లెస్, కాఫ్తాన్, సాగే గుడ్డ, లేదా మెడ దగ్గర నుంచే చేతులు మొదలయ్యే కట్ చూడండి. కొనేముందు కుర్తీ తిరగేసి పక్క కుట్టు దగ్గర ఎంత గుడ్డ వదిలారో చూడండి. అటో ఇంచు ఇటో ఇంచు ఉంటే విప్పించుకోవచ్చు.

లేడీస్ ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళే ప్రయత్నం చేయకండి. పక్క గదిలో బట్టలు మార్చుకునే ఆవిడ ఉలిక్కిపడితే తప్పు మనదవుతుంది. కుర్తీలు చేతిలో పట్టుకుని మెన్స్ ట్రయల్ రూమ్ దగ్గరికి వెళ్ళి "ఇవి ఇక్కడ ట్రై చేస్తాను" అని టోకెన్ తీసుకోండి. మాల్ షాపుల్లో చాలావరకు ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే వాదించకుండా ఒక్క మాట అడగండి: "ఎక్స్‌ఛేంజ్ ఎన్ని రోజులు?" ఇంట్లో వేసుకుని చూసి ట్యాగ్, బిల్లుతో మార్చుకోవచ్చు. పౌడరు, లిప్‌స్టిక్ మరక అంటితే మాత్రం తీసుకోరు, ముఖం కడిగాకే వేసుకోండి.

భుజాల దగ్గర ఇరుక్కుపోతే కిందికి లాగకండి. పక్క జిప్ ఉంటే పూర్తిగా తీసి, నడుం వంచి, రెండు చేతులూ ముందుకి చాపి, కింది అంచుని తల మీదుగా నెమ్మదిగా లాగండి, జారిపోతుంది.

లోదుస్తులు

భార్య రాసిచ్చిన చీటీతో వచ్చే మొగుళ్ళని ఆ కౌంటర్ రోజూ చూస్తుంది. మీరూ అలాగే చెప్పండి: "అక్కా, 40 బి, కాటన్, ప్యాడ్ లేనిది, నలుపు ఒకటి." "సైజు కరెక్టేనా, మార్చం" అంటారు. "కొలిచిందే అక్కా." అంతే. మొదటిసారి ఒకటే కొని చూసుకోవడం మేలు. పట్టీ బిగుతైతే వెనక తగిలించే హుక్ ఎక్స్‌టెండర్ ఫ్యాన్సీ స్టోర్లలో దొరుకుతుంది. మీ బ్రాకి హుక్కులు రెండా మూడా చూసుకుని వెళ్ళండి.

గాజుల సైజు కూడా ముందే తెలిసుండాలి. రెండూ ఎనిమిది అంటే రెండు ఇంచుల మీద పదహారింట ఎనిమిది వంతులు, అంటే రెండున్నర ఇంచులు. మగ చేతికి సాధారణంగా రెండూ పది, రెండూ పన్నెండు పడతాయి. లాడ్ బజార్‌లో అడిగితే తీసిస్తారు. చెప్పులకి నంబరు కాకుండా పాదం సెంటీమీటర్లు చెప్పండి. ఆడవాళ్ళ చెప్పులు చాలాచోట్ల 8తో ఆగిపోతాయి, వెడల్పు కూడా తక్కువ.

టైలర్

కొలతలు ఇవ్వడానికి భయపడి సాగే రెడీమేడ్ జాకెట్‌ని ఆది (కొలతకి నమూనా) కింద ఇచ్చేవాళ్ళున్నారు. టైలర్ దాన్ని బల్ల మీద పరిచి కొలుస్తాడు. ఒంటి మీద సాగిన మూడు నాలుగు ఇంచులు అక్కడ కనపడవు. కుట్టింది హుక్కు పెట్టుకోవడానికి కూడా రాదు. ఆదికి సాగని కాటన్ జాకెట్టే ఇవ్వాలి, లేదా పైన రాసుకున్న కొలతల కాగితం ఇచ్చి, లోపల రెండు ఇంచుల గుడ్డ వదలమనాలి. ఫారమ్స్ వాడేవాళ్ళు అవి పెట్టుకున్నాక ఉండే ఛాతీ కొలత రాయాలి, లేకపోతే డాట్లు (ఛాతీ దగ్గర వేసే మడత కుట్లు) తప్పుతాయి.

మగ ఒంటికి ఆడ దుస్తులు కుట్టడం తెలిసినవాళ్ళు కూచిపూడి డ్రెస్సుల టైలర్లు. స్త్రీవేషం ఆ నాట్యంలో పుట్టుకతో ఉన్నదే, సత్యభామగా పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకి 1970లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి టైలర్ దొరికితే మీరేం చెప్పుకోనక్కర్లేదు, టేపు తీసి "చేతులు పైకెత్తండి" అంటాడు.

నవ్వితే, ఫొటో తీస్తే

ఇద్దరు గుసగుసలాడి నవ్వితే వస్తువు కౌంటర్ మీద పెట్టి "సరే అన్నా, వేరేచోట చూస్తాను" అని వచ్చేయండి. ఫోన్ ఎత్తి ఫొటో తీస్తే మాత్రం ఊరుకోకండి. గొంతు పెంచకుండా ఫ్లోర్ మేనేజర్‌ని పిలిపించి, ఆయన ముందే డిలీట్ చేయించండి. వినకపోతే 112కి, పోలీసులకి, ఫోన్ చేయండి. ఫొటో చూపించి డబ్బులడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి సైబర్ పోలీసులకి ఇవ్వండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మగవాడు చీర కొనడం, కట్టడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల మీద తెచ్చిన చట్టం ఒకటి ఉండేది. ఆడ దుస్తుల్లో వీధిలో కనపడితే వారంట్ లేకుండా పట్టుకుని రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చని అందులో ఉంది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. ఎవరైనా "కేసు పెడతాం" అని బెదిరిస్తే ఇది గుర్తుంచుకోండి.

బిల్లు దగ్గర

ఇంట్లోవాళ్ళకి తెలియకూడదనుకునేవాళ్ళు దొరికిపోయేది సాధారణంగా ఇక్కడే. బిల్లు మెసేజ్ ఇంటి నంబరుకి వెళుతుంది, యూపీఐ చెల్లింపు జాయింట్ అకౌంట్‌లో షాపు పేరుతో కనపడుతుంది. నగదు ఇవ్వండి. ఫోన్ నంబర్ అడిగితే "వద్దండి" అనండి. నంబర్ ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే షాపులకి చెప్పింది. కాగితం బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి, అది లేకుండా ఎక్స్‌ఛేంజ్ లేదు.

ఆ బిల్లు మీద చాలా షాపుల్లో సేల్స్‌మన్ కోడ్ ఉంటుంది, దాన్ని బట్టి వాళ్ళకి ఇన్సెంటివ్ వస్తుంది. మర్యాదగా చూపించిన మనిషి పేరు అడిగి బిల్లు వెనక రాసుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు నేరుగా ఆయన్నే పిలవండి. మీ సైజు అప్పటికే ఆయనకి తెలిసి ఉంటుంది.