తెలుగు, ఒడియా కీబోర్డు మార్పిడి నడుమలో ఆగిపోతే: సమస్య, కారణం, పరిష్కారం

పర్లాకిమిడిలోని మా డీటీపీ దుకాణంలో ఒకే కంప్యూటరు మీద తెలుగు శుభలేఖలూ, ఒడియా దరఖాస్తులూ టైపు చేయాలి. అందుకోసం క్యాప్స్‌లాక్ నొక్కితే లిపి మారేలా, విండోస్‌లో లోలెవెల్ కీబోర్డు హుక్ (నొక్కిన ప్రతి కీనీ ముందుగా మన ప్రోగ్రాముకు చూపే ఏర్పాటు) పెట్టి ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. యూనికోడ్‌లో తెలుగు 'క' సంఖ్య 3093, ఒడియా 'క' సంఖ్య 2837. హల్లులు చాలావరకు ఇలాగే 256 తేడాతో ఉంటాయి కనుక ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టిక దాదాపు ఒకటే రెండు లిపులకూ సరిపోయింది.

సమస్య: గంటో రెండు గంటలో చక్కగా నడిచాక తెలుగు ఆగిపోయి ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. గడియారం పక్కన ప్రోగ్రాము ఐకాన్ మాత్రం యథాప్రకారం కనిపిస్తూనే ఉంటుంది.

కారణం: కీ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ విండోస్ ముందుగా హుక్ ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది జవాబిచ్చేదాకా ఆ కీ ఏ విండోకూ చేరదు. జవాబు గడువు దాటితే, విండోస్ 7 నుంచి హుక్‌ను చప్పుడు చేయకుండా తీసేసే ఏర్పాటు ఉంది; తీసేసిన సంగతి ప్రోగ్రాముకు తెలిసే మార్గం లేదు. రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోట) గడువు పెంచుకోవచ్చు గానీ, విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి అది 1000 మిల్లీసెకండ్లు మించదు. నేను ప్రతి కీనీ హుక్ లోపలి నుంచే ఫైలులో రాయించాను. పెద్ద ప్రింటు పడుతూ డిస్కు తీరిక లేకుండా ఉన్నప్పుడల్లా ఆలస్యమై హుక్ ఊడిపోయేది.

పరిష్కారం: హుక్‌కు విడిగా ఒక థ్రెడ్ (ప్రోగ్రాములో మిగతా పనులతో పాటు సమాంతరంగా నడిచే పాయ) కేటాయించి, అందులో మెసేజ్ లూప్ (విండోస్ పంపే సందేశాలను అందుకుంటూ తిరిగే కోడ్) తప్ప మరే పనీ పెట్టకూడదు. ఆ లూప్ లేకపోతే హుక్ అసలు పిలవబడదు. పట్టికలో చూసి అక్షరం పంపడం వరకే ఫంక్షన్ చేయాలి. మిగతా పని వరుసలో పెట్టి వేరే థ్రెడ్‌కు అప్పగించాలి. కీల చిట్టాను నేను పూర్తిగా తీసేశాను. జనం ఆధార్ నంబర్లు టైపయ్యే యంత్రంలో అది ఉండటమే తప్పు.

సమస్య: క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా, కంట్రోల్‌ను క్యాప్స్‌లాక్‌గా మారిస్తే కంప్యూటరు బిగుసుకుపోతుంది.

సెండ్‌ఇన్‌పుట్‌తో (ప్రోగ్రాము నుంచి కీలు పంపే విండోస్ ఫంక్షన్) మనం పంపిన కీ మళ్లీ మన హుక్‌కే వస్తుంది, మళ్లీ మారుతుంది, ఇలా అంతులేకుండా తిరుగుతుంది. హుక్‌కు అందే కీ వివరాల్లో ఫ్లాగ్స్ అనే గడి ఉంటుంది; అందులో 16 విలువ గల బిట్ ఉంటే అది కృత్రిమంగా పంపిన కీ. అయితే తెరమీది కీబోర్డు పంపే కీలకూ ఆ బిట్ ఉంటుంది కాబట్టి, మన కీలకు అదనపు సమాచారపు గడిలో సొంత సంఖ్య జోడించి, ఆ సంఖ్య ఉన్నవాటినే మార్చకుండా వదిలేయడం మేలు.

సమస్య: అడ్మినిస్ట్రేటరుగా తెరిచిన విండోలో మార్పిడి పనిచేయదు.

తక్కువ అధికారం గల ప్రోగ్రాము ఎక్కువ అధికారం గల విండోకు కీలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. మన ప్రోగ్రామునూ అడ్మినిస్ట్రేటరుగానే నడపాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయికను మాత్రం ఏ హుకూ ఆపలేదు.