టింకరింగ్ ల్యాబ్‌లో ఆరో తరగతి పిల్లల్ని పనిలో ఉంచడం ఎలా

స్కూల్లో పిల్లలు చేత్తో వస్తువులు తయారుచేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో ఆరో తరగతి వాళ్లకి పీరియడ్ ఉంటే ముందే కిట్ బాక్స్ మాత్రం తెరవకండి, తెరిచారా ఇక మీ మాట ఎవడూ వినడు. పేపర్ మీద బొమ్మ గీసి ఏ వైరు ఎక్కడికెళ్తుందో చూపించిన టీమ్‌కే సామాన్లు ఇవ్వండి. టీమ్‌కి ముగ్గురు చాలు, నాలుగోవాడు ఎలాగూ కిటికీలోంచి గ్రౌండ్ చూస్తుంటాడు. ఎల్ఈడీ వెలగట్లేదు సార్ అని అరుస్తారు, వెంటనే వెళ్లి మీరే సరిచేసేయకుండా ఎల్ఈడీ పొడుగు కాలు బ్యాటరీ ప్లస్‌కి పెట్టావా అని అడగండి, 9 వోల్టుల బ్యాటరీ అయితే మధ్యలో కరెంటు తగ్గించే 470 ఓమ్స్ రెసిస్టర్ ఉందో లేదో కూడా వాళ్లనే చూడమనండి, లేకపోతే ఎల్ఈడీ మాడిపోద్ది. గ్లూ గన్ ఒక్కటే, అదీ మీ టేబుల్ దగ్గరే. బెల్‌కి 10 నిమిషాల ముందు పని ఆపించి సామాన్లు లెక్కపెట్టించండి, స్క్రూడ్రైవర్లు జేబుల్లోకి భలే వెళ్లిపోతాయి.