దిగుమతి మొక్కల ముప్పు లెక్క – 4వ పాఠం: బర్చ్ మొక్కలో పురుగు ఎక్కడ దాక్కుని వస్తుంది?

పోయిన పాఠంలో బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌కి వెళ్లే బర్చ్ మొక్కలకి పట్టే పురుగులు, తెగుళ్ల జాబితా రాసుకున్నాం కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి పని రాయడం కాదు, కొట్టేయడం.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. పాత రాతప్రతుల గురించి చెప్పేటప్పుడు భూర్జపత్రం అంటామే, అది హిమాలయాల్లో పెరిగే బర్చ్ బెరడే. యూరప్ బర్చ్‌లు దాని బంధువులు. 2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్ (ఈయూ) బర్చ్‌ని 'ముప్పు ఎక్కువ ఉన్న మొక్కలు' జాబితాలో పెట్టింది. బయటి దేశం నుంచి నాటే మొక్క రావాలంటే ముందు ముప్పు అంచనా పూర్తవ్వాలి. బ్రెగ్జిట్‌తో బ్రిటన్ కూడా బయటి దేశమైపోయింది. నిన్నటిదాకా పక్క ఊరికి పంపినట్టు పంపిన మొక్కలకి ఇప్పుడు పెద్ద ఫైలు కావాల్సి వచ్చింది. ఆ ఫైలు చదివి లెక్క తేల్చేది ఇటలీలోని పార్మాలో ఉన్న ఐరోపా ఆహార భద్రతా సంస్థ, ఎఫ్సా.

ఇక జాబితాలోని ఒక్కో పేరునీ నాలుగు ప్రశ్నలు అడగండి. పంపే దేశంలో అది ఉందా? కొనే చోట లేదా, లేక కొద్దిచోట్లే ఉండి అదుపులో ఉందా? బర్చ్ మీద బతుకుతుందా? మనం పంపే సరుకులో ఎక్కి రాగలదా? వచ్చి స్థిరపడితే ఎంత నష్టం అనేది తర్వాతి సంగతి. మొదటి మూడింటికి జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. తడబాటంతా నాలుగోదాని దగ్గరే.

చాలామంది జాబితాలో మొదటి పేరుగా కంచురంగు బర్చ్ తొలుచుపురుగు, అంటే అగ్రిలస్ యాంక్సియస్‌ని రాస్తారు. భయపడాల్సిన పురుగే. ఒహాయోలో 20 ఏళ్లపాటు సాగిన పరిశీలనలో యూరప్, ఆసియా బర్చ్‌లు నాటిన 8 ఏళ్లకల్లా మొత్తం చచ్చిపోయాయి. ఈయూ ప్రత్యేకంగా కాచుకునే 20 పురుగు తెగుళ్లలో అదీ ఉంది. అయినా మన కాగితంలో దాన్ని కొట్టేయాలి. అది ఉత్తర అమెరికా పురుగు, బ్రిటన్‌లో లేదు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పంపే దేశం గడిలో కెనడా అని రాసి చూడండి, అదే పురుగు జాబితాలో పైకొచ్చి కూర్చుంటుంది. బర్చ్ మారలేదు, బయల్దేరిన ఊరు మారిందంతే.

సరే, కెనడా అనే అనుకుందాం. పురుగు ఏ రూపంలో వస్తుంది? పిల్లపురుగు బెరడు కింద వంకర టింకరగా సొరంగాలు తవ్వుతూ ఒకటి రెండేళ్లు లోపలే ఉంటుంది. పెద్దదై బయటికొచ్చేటప్పుడే ఇంగ్లీషు 'డి' అక్షరంలాంటి చిన్న రంధ్రం చేస్తుంది. అంటే రంధ్రం కనబడేసరికి పురుగు వెళ్లిపోయింది. రంధ్రం లేనంతమాత్రాన పురుగు లేదనీ కాదు. ఇన్‌స్పెక్టర్‌కి టెన్షన్ పెట్టేది ఇదే.

ఇప్పుడు సరుకు చూద్దాం. కడియం నర్సరీల దగ్గర లారీలకెక్కే మొక్కలు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కవర్లో మూరెడు మొక్క వేరు, మట్టిగడ్డకి గోనె చుట్టి క్రేన్‌తో ఎత్తే చెట్టు వేరు. బర్చ్ కూడా అంతే. అంటుపుల్లలుగా పోతుంది, ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు మట్టి దులిపిన వేళ్లతో కట్టలుగా పోతుంది, కుండీల్లో పెద్ద చెట్టుగానూ పోతుంది. బాగా సన్నని అంటుపుల్లలో మన తొలుచుపురుగుకి చోటు చాలదు. కుండీలోని లావుపాటి మానులో హాయిగా ఉంటుంది. అందుకే 'బర్చ్ దిగుమతి' అని ఒకే గడి పెట్టి మార్కులు వేయొద్దు. రూపానికో గడి పెట్టండి.

మళ్లీ బ్రిటన్‌కి వద్దాం. ఫైటోఫ్తోరా రామోరం అనే తెగులు అక్కడ 2002లో బయటపడింది. 2009లో నైరుతి ఇంగ్లండ్‌లో లార్చ్ అనే సూదాకుల చెట్లని చంపడం మొదలుపెట్టింది. బర్చ్ దానికి ఇష్టమైన మొక్క కాదు గానీ, తెగులు పట్టిన లార్చ్‌ల పక్కనుంటే దీనికీ అంటుకుంటుంది. వాన తుంపరతో వ్యాపిస్తుంది, మట్టిలోనూ నిలుస్తుంది. కాబట్టి ఇక్కడ అడగాల్సింది మొక్క గురించి మాత్రమే కాదు, నర్సరీ కంచె అవతల ఏముందని. ఈ తెగులు తేలిగ్గా పట్టే రోడోడెండ్రాన్ పూలపొదలున్నాయా? నీళ్లు చెరువు నుంచా, బోరు నుంచా? ఇంకో ప్రశ్న, నాకైతే అన్నిటికంటే ముఖ్యమైంది: శిలీంద్రనాశిని చివరిసారి ఎప్పుడు కొట్టారు? కొన్ని మందులు ఈ రకం తెగుళ్లని చంపవు, అణచిపెడతాయి. మొక్క పచ్చగా నవ్వుతూ పరీక్ష పాసైపోతుంది. నర్సరీ మందుల రిజిస్టర్ లేని ఫైలుని నేనైతే పక్కన పెట్టేస్తాను.

లెక్కకొద్దాం. ఎఫ్సా ఇలాంటి అంచనాల్లో 'ముప్పు తక్కువ' అని రాసి ఊరుకోదు. 10,000 మొక్కల్లో ఎన్ని శుభ్రంగా ఉంటాయో చెబుతుంది, అదీ ఒక్క అంకెగా కాదు, ఇంతనుంచి ఇంతవరకు అని. సాధన కోసం మనం 9,990 అనుకుందాం. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ 2,000 మొక్కల లాట్ వచ్చిందంటే సగటున రెండు మొక్కల్లో తెగులుంటుంది. లాట్‌లో కనీసం ఒక్కటైనా ఉండే అవకాశం దాదాపు 86 శాతం.

రేవులో 300 మొక్కలు తీసి చూస్తారనుకోండి. లాట్‌లో నూటికి ఒకటి చెడితే పట్టుకునే అవకాశం 95 శాతం పైనే. మన లెక్కలోలా వెయ్యికి ఒకటైతే అది నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అదీ తెగులు కంటికి కనిపిస్తేనే. బెరడు కింద దాక్కున్నదాని సంగతి చెప్పక్కర్లేదు. అందుకే నర్సరీలో ఏం జరిగిందో రాసిన పేజీలని, రేవులో కొట్టే ముద్ర కంటే ముందు చదవమంటాను.

ఈ వారం పని. పొడవు కొమ్ముల పెంకుపురుగు అనోప్లోఫోరా చైనెన్సిస్ చైనాలో ఉంది, బర్చ్‌నీ తింటుంది. చైనా నుంచి నెదర్లాండ్స్‌కి వచ్చిన జపాన్ మేపుల్ మొక్కల్లో దొరికింది. కాండం అడుగున, బయటపడ్డ వేళ్ల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఏడాది, రెండేళ్లు కాండం మొదట్లోనూ వేళ్లలోనూ తొలుస్తుంది. పంపే దేశం గడిలో చైనా అని రాసి, అంటుపుల్లలు, మట్టి దులిపిన మొక్కలు, కుండీ చెట్లు అని మూడు గడులు గీయండి. ఒక్కోదానిలో ఈ పురుగు కూర్చునే చోటు, నర్సరీని అడగాల్సిన ఒక ప్రశ్న రాయండి. ఒక గడి దాదాపు ఖాళీగా మిగలాలి. ఏది మిగిలిందో వచ్చే పాఠంలో అక్కణ్ణుంచే మొదలుపెడతాం.