క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయ్యాక మనసు కుదుటపడాలంటే బొమ్మలు, ధ్యానం కలిపి ఎలా చేయాలి?

ట్రీట్‌మెంట్ అయిపోయింది, రిపోర్టులు బానే ఉన్నాయి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, సరిగ్గా అప్పుడే చాలామంది లోపల కుదేలైపోతారు. అన్నాళ్లూ డేట్లు, డ్రిప్పులు, బ్లడ్ టెస్టులతో మనసుకి తీరికే లేదు కదా, ఇప్పుడు దొరికింది, ఆపుకున్న భయమంతా ఒక్కసారి మీద పడుతుంది. ఇలాంటి వాళ్లతో చాన్నాళ్లుగా బొమ్మలు వేయిస్తూ ధ్యానం చేయిస్తున్నా, జనం దీన్ని ఎలా చెడగొట్టుకుంటారో చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇది క్యాన్సర్‌ని తగ్గించదు, మళ్లీ రాకుండా ఆపదు. పాజిటివ్‌గా ఆలోచిస్తే కణాలు చచ్చిపోతాయి అని చెప్పే వాళ్ల జోలికి పోకండి, రేపు ఏదైనా తేడా వస్తే మీరు సరిగ్గా ఆలోచించలేదంటారు. ఇది మనసు కోసం, అంతే. ఆందోళన, దిగులు తగ్గడానికి మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం, వాడమని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో కూడా 2023 గైడ్‌లైన్‌లో చెప్పింది.

సామాన్లు

మందపాటి కాగితం, లావు ఆయిల్ పాస్టెల్స్ (క్రేయాన్లలాంటి మెత్తటి రంగు కడ్డీలు), కుర్చీ. అయిపోయింది. సన్న పెన్సిళ్లు వద్దు, కొన్ని కీమో మందుల వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారి ఉంటాయి, పట్టు దొరకదు. పర్మనెంట్ మార్కర్లు అసలు వద్దు. మూత తీయగానే ఆ వాసన సూది గుచ్చేముందు రాసే స్పిరిట్ లాగే ఉంటుంది, కొంతమందికి వాసనకే కడుపులో తిప్పేస్తుంది.

స్టెప్ 1: బొమ్మ

ఓ పావుగంట. ఏం వేయాలి అని అడక్కండి, ఇవాళ లోపల ఎలా ఉందో ఆ రంగు తీసుకుని రుద్దండి. అందంగా రానక్కర్లేదు, రాకపోతేనే మంచిది. చంకలో లింఫ్ గ్రంథులు తీసినవాళ్లు మధ్యమధ్యలో చేతికి రెస్ట్ ఇవ్వండి.

డైరీ రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు, పెన్నబేకర్ అనే సైకాలజిస్టు 1980ల నుంచి దానిమీద పరిశోధన చేశాడు, కొందరికి పనికొస్తుంది కూడా. కానీ కీమో తర్వాత మాట నోటిదాకా వచ్చి ఆగిపోయే మనిషిని కూర్చోబెట్టి నీ బాధని వాక్యాల్లో రాయి అంటే ఎలా? రంగుకి ఆ గొడవ లేదు. ఒకావిడ ఎప్పుడొచ్చినా పేజీ అంతా పసుపు రుద్ది, పైమూల ఒక్క చోట మాత్రం నల్ల పాస్టెల్ ముక్కలయ్యేదాకా నొక్కేది. కీమో ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టే పోర్ట్ ఆవిడకి ఉన్నది ఆ వైపే. మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు.

స్టెప్ 2: కూర్చోవడం

అసలు చిక్కంతా ఇక్కడే. జనం ఏం చేస్తారంటే ఫోన్‌లో ఏదో బాడీ స్కాన్ ఆడియో (హాస్పిటల్ స్కాన్ కాదు, ఒంట్లో ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టే ధ్యానం) పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఆ గొంతు చెప్పినట్టు కదలకుండా ఉంటారు. రేడియేషన్ టేబుల్ మీద చేసింది కూడా అదే కదండీ! వెల్లకిలా, కదలకుండా, స్పీకర్లోంచి ఎవరిదో గొంతు. మరి గుండె దడదడలాడక ఏం చేస్తుంది? పద్ధతి చెడ్డదని కాదు, 1979లో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన 8 వారాల కోర్సులో బాడీ స్కాన్ ముఖ్యమైన భాగం, కాకపోతే అక్కడ నేర్పే మనిషి ఎదురుగా ఉంటాడు, ఫోన్‌లో గొంతుకి మీ మొహం కనపడదు.

అందుకే కుర్చీలోనే కూర్చోండి. వీపు ఆనించండి, పాదాలు రెండూ నేలకి ఆనాలి, కళ్లు మూయకుండా వేసిన బొమ్మ మీద ఊరికే ఉంచండి. శ్వాస మీద ధ్యాస పెట్టమని అందరూ చెప్తారు, నేను చెప్పను. ఊపిరితిత్తులకి ఆపరేషన్ అయినవాళ్లకి, ఆయాసం అంటే భయం ఉన్నవాళ్లకి శ్వాసని గమనించడమే పెద్ద టెన్షన్. పాదాల కింద నేలతో మొదలుపెట్టండి. పాదాలు తిమ్మిరిగా ఉంటే తొడల మీద అరచేతుల బరువు, అదీ కాదంటే గదిలో వినపడే చప్పుడు.

అక్కణ్ణుంచి ధ్యాసని మెల్లగా ఒంట్లో పైకి తీసుకురండి. కోత పడ్డ చోటు వచ్చినప్పుడు నేరుగా దాని మీదకి వెళ్లకండి, పక్కన బాగున్న చోట ఆగి రెండు మూడు క్షణాలు అటు చూసినట్టు చూసి మళ్లీ పాదాలకి వచ్చేయండి. ఇవాళ వద్దనిపిస్తే దాటేయండి, ఎవరూ మార్కులు వేయట్లేదు. మొత్తం అయిదు నిమిషాలు చాలు, మొదట్లో అంతకంటే ఒద్దు.

ఏడుపొస్తే రానివ్వండి, అది సమస్య కాదు. ఉన్న గది పోయి వార్డు కళ్లముందు కనపడటం, చేతులు చల్లబడి వణకడం, ఎవరైనా పిలిచినా వినపడకపోవడం, ఇవీ సమస్యలు. అప్పుడు ఇంకాస్త ఓర్చుకుంటే పోతుందిలే అని కూర్చోకండి, ఓర్చుకోవడమంతా ట్రీట్‌మెంట్‌లోనే అయిపోయింది. లేచి నిలబడి, మొహం మీద చన్నీళ్లు కొట్టుకుని, గదిలో ఎర్రగా ఉన్న వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఆ రోజుకి ఇక చాలు. ఇలా మళ్లీ మళ్లీ అవుతుంటే ఒంటరిగా చేయడం ఆపేసి, సైకో ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ వచ్చినవాళ్ల మనసు సంగతి చూసే నిపుణులు, ఎవరున్నారో మీ డాక్టర్‌నే అడగండి. రెండు వారాలుగా నిద్ర లేకుండా దిగులుగానే ఉంటే కూడా అంతే, చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

స్టెప్ 3: బొమ్మని ఏం చేయాలి

వెనక తేదీ వేసి ఫైల్లో పెట్టండి. స్టేటస్‌లో పెట్టకండి, పెడితే రెండో బొమ్మ నుంచి లైకుల కోసం వేస్తారు. ఇంట్లో వాళ్లు, ఇంత నలుపు ఎందుకు, పువ్వులు వేయొచ్చు కదా అని సలహాలివ్వకండి, అసలు అడిగితే తప్ప చూడకండి. ఫాలో అప్ స్కాన్ ఉన్న వారంలో స్టెప్ 2 మానేసి ఉత్త రంగులు రుద్దుకున్నా సరిపోతుంది, రిజల్ట్ వచ్చాక మళ్లీ కూర్చోవచ్చు.