ఇంజిన్ దింపే ముందు: స్పోర్ట్స్ కారు ఇంజిన్ మనమే కట్టుకోవచ్చా?

నీలం పొగ కనబడగానే "ఇంజిన్ బోరుకొచ్చింది" (సిలిండర్లు అరిగి మళ్లీ తొలిపించే దశకొచ్చింది) అనేస్తారు. తొందరపడకండి. ఒక్క సీలు మారిస్తే పోయే జబ్బుకి ఇంజిన్ మొత్తం విప్పేసి, మళ్లీ కట్టలేక వదిలేసిన బండ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సమస్య: నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం

పొగ ఎప్పుడొస్తోందో గమనించండి. రాత్రంతా ఆపి ఉంచిన బండి స్టార్ట్ చేసినప్పుడో, వేగంలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడో వస్తే ముందు వాల్వ్ సీల్స్‌ని (వాల్వు పక్క నుంచి ఆయిల్ దిగకుండా ఆపేవాటిని) అనుమానించాలి. చాలా ఇంజిన్లలో హెడ్ (సిలిండర్ల పైభాగం) దింపకుండానే, సిలిండర్లోకి గాలి పట్టించి వాల్వ్ కిందికి జారకుండా ఆపి, సీలు మార్చేయొచ్చు. ఇది ఇంట్లో అయ్యే పనే.

లోడు మీద లాగుతున్నంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం. అప్పుడు కంప్రెషన్ (స్టార్టర్‌తో తిప్పినప్పుడు సిలిండర్లో పుట్టే ఒత్తిడి) గేజ్‌తో చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, ఇగ్నిషన్, పెట్రోల్ సరఫరా ఆపేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే తక్కువ వచ్చిన దాంట్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ కింద ఉండే గాస్కెటో. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్లలో మాత్రం పోసిన ఆయిల్ కింది వైపుకే చేరుతుంది కాబట్టి ఈ పరీక్షని నమ్మలేం. సిలిండర్లోకి గాలి పట్టించి ఎక్కడ నుంచి కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్టే నయం: గాలి సైలెన్సర్‌లో బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్.

సమస్య: తియ్యటి వాసనతో తెల్ల పొగ, కూలెంట్ తగ్గడం

ఎక్కువగా హెడ్ గాస్కెట్. హెడ్ వంగిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి బద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి. వంగితే లేత్ షాపుకి పంపాలి. యాంగిల్ లెక్కన (ఇన్ని డిగ్రీలని తిప్పి) బిగించే సాగుడు బోల్టులైతే పాతవి మళ్లీ వాడొద్దు.

సమస్య: లోడు మీద అడుగు నుంచి టక్‌టక్

వెంటనే ఆపేయండి. ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటని మెరిసే రేకులు కనబడితే బేరింగులు పోతున్నట్టే. క్రాంక్ జర్నల్ (క్రాంక్‌షాఫ్ట్‌లో బేరింగ్ ఆనే నున్నటి భాగం) మీద గోరు ఆనించి లాగండి. గీతలో గోరు తట్టుకుంటే గ్రైండింగ్ తప్పదు.

మనమే కట్టాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. విప్పడం ఎవరైనా విప్పుతారు, కష్టమంతా కొలతలో ఉంది. బేరింగ్‌కీ జర్నల్‌కీ మధ్య సందు చాలా ఇంజిన్లలో 0.03 నుంచి 0.07 మిల్లీమీటర్ల లోపే, దాదాపు వెంట్రుక మందం. మైక్రోమీటర్, బోర్ గేజ్ పట్టి రెండుసార్లు కొలిస్తే మీకు ఒకే అంకె రావాలి. ఆ ఇంజిన్ కోడ్‌కి సరిపడే వర్క్‌షాప్ మాన్యువల్, దుమ్ము పడని గది, బోరు చేశాక కొలతలు రాసిచ్చే లేత్ షాపు కూడా ఉంటే ధైర్యంగా మొదలుపెట్టండి. రోజూ తిరగడానికి ఇదే బండి అయితే మాత్రం వద్దు, ఆత్రంలో కట్టిన ఇంజిన్ నిలవదు.

కొన్ని ఇంజిన్లు తెలిసినవాళ్లకే వదిలేయాలి. మాజ్దా ఆర్‌ఎక్స్-7లోని 13బి రోటరీలో (పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే ఇంజిన్) ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మామూలు కంప్రెషన్ గేజ్ వాటిని విడివిడిగా చూపించదు. నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్) పూత ఉన్న సిలిండర్‌ని మామూలుగా బోరు చేస్తే పూత పోతుంది. పోర్షే 996లోని ఎం96 ఇంజిన్లో ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ పగిలి ఉంటే ఆ రజను ఆయిల్ దారులన్నిటా చేరుతుంది, ఇంట్లో కడిగితే పూర్తిగా వదలదు.

కట్టడం అయ్యాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్, పెట్రోల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేవరకు స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పండి. ప్రెషర్ రాకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి.