గ్యాస్ బావి దగ్గర ఉంటున్నారా? గాలి శాంపిల్ తీసే ముందు ఇది చదవండి

బావి దగ్గర ఉండేవాళ్ళు ముందు అడిగేది ఏ మెషిన్ కొనాలి అని. మెషిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎందుకంటే బావి దగ్గర గాలి రోజంతా ఒకేలా ఉండదు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే నూనెలాంటి ద్రవం) ట్యాంక్ మూత తీసినప్పుడో, పైపుల్లో ప్రెషర్ దించడానికి గ్యాస్ బయటికి వదిలినప్పుడో, ఫ్రాకింగ్ (రాయి పగిలేలా ప్రెషర్‌తో బావిలోకి నీళ్ళు పంపడం) అయ్యాక ఆ నీళ్ళు వెనక్కి వచ్చేటప్పుడో గాలిలో గ్యాస్‌లు ఒక్కసారిగా పెరిగి కాసేపటికి పోతాయి, ఆ కాసేపు వదిలేసి మీరు ఎంత మంచి శాంపిల్ తీసినా రిపోర్ట్ క్లీన్‌గానే వస్తుంది, అది చూపించి ఇక్కడ ఏమీ లేదు అనేస్తారు.

నోట్‌బుక్‌లో తేదీ, టైం, వాసన ఎలా ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది (కర్రకి ఒక రిబ్బన్ కట్టినా తెలిసిపోతుంది), బావి వైపు మంట, శబ్దం, ట్యాంకర్లు ఏమైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరికి తలనొప్పి, కళ్ళ మంట, దగ్గు, వాంతి వచ్చినట్టు ఉండటం, ఇవన్నీ అప్పటికప్పుడే రాయండి, సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే పనికిరాదు. ఏమీ లేని రోజు కూడా "ఏమీ లేదు" అని రాయాలి. కొన్ని వారాలు రాస్తే ఎప్పుడు ఎక్కువగా ఉంటోందో మీకే కనిపిస్తుంది, చాలాచోట్ల అది అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు, గాలి ఆగిపోయి నేల దగ్గర చల్లటి పొర కదలకుండా ఉండే టైం. శాంపిల్ తీయాల్సింది అప్పుడే.

ఇక దేని కోసం వెతుకుతున్నాం అంటే, మీథేన్ కోసం కాదు. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది కాబట్టి ప్రమాదమే, కానీ ఆరోగ్యం పాడుచేసేవి దాంతోపాటు వచ్చేవి: బెంజీన్, టోలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్. వీటిలో బెంజీన్ ముఖ్యం, లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) తెస్తుందని పక్కాగా తేలింది. బెంజీన్ వాసన మనకి తెలియాలంటే గాలిలో పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లెవెల్లో ఉండాలి, ఆరోగ్యానికి పెట్టిన లిమిట్లు మాత్రం పీపీబీలో ఉంటాయి, అంటే దానిలో వెయ్యోవంతులో, కాబట్టి వాసన లేదు అంటే బెంజీన్ లేదు అని కాదు. గ్యాస్‌ని పైపుల్లోకి నెట్టే కంప్రెసర్ ఇంజన్ల నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అదీ క్యాన్సర్ కారకమే.

హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, కానీ సుమారు 100 పీపీఎం దగ్గర ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన ఉన్నట్టుండి పోయిందంటే గ్యాస్ పోయిందని అనుకోకండి. ఇది గాలికన్నా బరువు, పల్లంలో చేరుతుంది. ఘాటుగా వస్తే శాంపిల్ గురించి ఆలోచించకుండా గాలికి అడ్డంగా నడిచి ఎత్తుగా ఉన్న చోటికి వెళ్ళి ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

బెంజీన్ లాంటివాటికి సమ్మా క్యానిస్టర్ మంచిది, లోపల గాలి అంతా తీసేసిన స్టీల్ డబ్బా అది, ల్యాబే పంపుతుంది. వచ్చాక ప్రెషర్ చూపించే గేజ్ చూడండి, దాదాపు మైనస్ 28 నుంచి 30 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ ఉండాలి, బాగా తగ్గిపోయి ఉంటే లీకైంది, తిప్పి పంపేయండి. వాసన వచ్చిన క్షణం పట్టాలంటే వాల్వ్ తెరిస్తే చాలు, కొద్దిసేపట్లో నిండుతుంది, 24 గంటల సగటు కావాలంటే గాలిని మెల్లగా లోపలికి వదిలే ఫ్లో కంట్రోలర్ పెట్టాలి, చివర్లో కొంచెం వాక్యూమ్ మిగిలుండగానే వాల్వ్ మూసేయాలి. ముక్కు ఎత్తులో పెట్టండి, బండి ఇంజన్, సిగరెట్, పెయింట్, సెంటు, మార్కర్ పెన్ను ఏదీ దగ్గర ఉండకూడదు, ఇవన్నీ రిపోర్ట్‌లో కనిపిస్తాయి. వీలైతే అదే టైంలో బావికి అవతలి వైపు, అంటే గాలి వచ్చే వైపు ఇంకొకటి తీయండి, తేడా చూపించేది అదే. ల్యాబ్‌తో టీఓ-15 (క్యానిస్టర్ గాలిలో ఇలాంటి కెమికల్స్ కొలిచే పద్ధతి) ప్రకారం చేయమని చెప్పండి. ఫార్మాల్డిహైడ్ ఇందులో సరిగా రాదు, దానికి గాలిలోంచి దాన్ని పీల్చుకునే వేరే బ్యాడ్జ్ కావాలి. సల్ఫర్ గ్యాస్‌లకి టెడ్లార్ బ్యాగ్ (గాలి నింపే ప్లాస్టిక్ సంచి) వాడితే 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, డబ్బా ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్ళిందో రాసే ఫారం ఖాళీగా వదలొద్దు.

సన్నటి ధూళిని కొలిచే పీఎం 2.5 మీటర్లకి బెంజీన్ కనపడదు. చేతిలో పట్టుకునే వీఓసీ (బెంజీన్ లాంటి ఆవిరయ్యే కెమికల్స్) మీటర్ ఏ కెమికల్ అనేది చెప్పలేదు గానీ డబ్బా ఎప్పుడు తెరవాలో చెప్తుంది, దానికి వాడుకోండి.

ఈ పద్ధతి ఆషామాషీ కాదు. 2014లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో ఐదు రాష్ట్రాల్లో అక్కడి జనమే ట్రైనింగ్ తీసుకుని, లక్షణాలు వచ్చినప్పుడు, బావిలో పని నడుస్తున్నప్పుడు శాంపిల్స్ తీశారు, లిమిట్ దాటినవాటిలో ఎక్కువగా కనిపించినవి బెంజీన్, ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సల్ఫైడే.

రిపోర్ట్ చదివేటప్పుడు యూనిట్ చూడండి, 1 పీపీబీ బెంజీన్ అంటే క్యూబిక్ మీటర్ గాలిలో సుమారు 3.2 మైక్రోగ్రాములు. యూరప్‌లో, ఇండియాలో లిమిట్ క్యూబిక్ మీటర్‌కి 5 మైక్రోగ్రాములు, అయితే అది ఏడాది సగటు, ఒక్క శాంపిల్‌తో నేరుగా పోల్చలేం. బెంజీన్‌కి సేఫ్ లెవెల్ అంటూ లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. "దొరకలేదు" అని ఉంటే ల్యాబ్ ఎంత తక్కువ వరకు చూడగలదో అడగండి, ఆ నంబర్ లిమిట్ కన్నా ఎక్కువైతే ఆ మాటకి అర్థమే లేదు.

ఒంట్లో బాగోకపోతే నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బెంజీన్ ఒంట్లోకి వెళ్ళిందా లేదా యూరిన్ టెస్ట్‌లో తెలుస్తుంది కానీ ఒకట్రెండు రోజుల్లోనే పోతుంది, అందుకే వాసన వచ్చిన రోజే ఇవ్వాలి, సిగరెట్ తాగేవాళ్ళు ఆ విషయం ముందే చెప్పాలి, లేకపోతే రిజల్ట్ దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.